సైన్ లాంగ్వేజ్ కోసం సముద్రం ఒడ్డున లాంగ్ వాక్: తరచుగా అడిగే ప్రశ్నలు

రోజుల తరబడి తీరం వెంట గుంపుగా నడిచే వాక్‌లో చేరాలనుకునేవాళ్ళు, సొంతంగా ఒకటి పెడదాం అనుకునేవాళ్ళు తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలివి. డెఫ్ వాళ్ళు అడిగేవి వేరు, వినపడేవాళ్ళు అడిగేవి వేరు, రెండూ కలిపే పెట్టాం, ఏది ఎవరిదో చదువుతుంటే మీకే తెలిసిపోతుంది.

అసలు నడిస్తే సైన్ లాంగ్వేజ్‌కి ఒరిగేదేంటి?

నడక వల్ల చట్టాలు రావు, స్కూళ్ళలో సైన్ వచ్చిన టీచర్లు ప్రత్యక్షమైపోరు, అది మాకూ తెలుసు. కానీ ఈ భాషకున్న పెద్ద చిక్కు ఏంటంటే చాలామంది కంట పడనే పడదు. ప్రపంచంలో 7 కోట్ల మందికి పైగా డెఫ్ వాళ్ళున్నారని, 300కి పైగా సైన్ లాంగ్వేజ్‌లున్నాయని వరల్డ్ ఫెడరేషన్ ఆఫ్ ద డెఫ్ చెప్తుంది, అయినా ఇద్దరు మనుషులు చేతులతో తీరిగ్గా కబుర్లు చెప్పుకోవడం, జోకులేసుకోవడం, దెబ్బలాడుకోవడం ఒక్కసారి కూడా చూడనివాళ్ళే ఎక్కువ. అదే ఒక గుంపు మొత్తం ఊరి మధ్యలోంచి సైన్ చేసుకుంటూ పోతుంటే పిల్లలు వెంటపడతారు, పెద్దవాళ్ళు ఆపి "ఏంటిది, ఎక్కడికి" అని అడుగుతారు. అలా ఆపి అడిగే ఐదు నిమిషాలే అసలు పని, మిగతాదంతా కాళ్ళ నొప్పులు.

ఎందుకంత గట్టిగా చెప్తున్నామంటే, అమెరికా లెక్కల ప్రకారం డెఫ్ పిల్లల్లో 90 శాతానికి పైగా వినపడే తల్లిదండ్రులకే పుడతారు. ఆ అమ్మానాన్నలకి అంతకుముందు ఒక్క డెఫ్ మనిషి కూడా తెలిసి ఉండకపోవచ్చు. డాక్టర్ దగ్గర చెవి మిషన్ గురించి చెప్తారు, ఆపరేషన్ గురించి చెప్తారు, "ఈలోపు పిల్లతో సైన్‌లో మాట్లాడండి" అని చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. పిల్లలకి భాష పట్టుబడేది మొదటి కొన్నేళ్ళలోనే, ఆ టైం పోతే తర్వాత ఎంత కష్టపడినా పూర్తిగా పూడదు. దారిలో అలాంటి ఒక్క కుటుంబం ఎదురై, పెద్దయిన డెఫ్ వాళ్ళు హాయిగా నవ్వుకుంటూ నడుస్తుంటే చూస్తే, అది ఏ పాంప్లెట్ కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

సముద్రం ఒడ్డే ఎందుకు? హైవే మీద నడిస్తే ఇంకా ఎక్కువమంది చూస్తారు కదా?

చూస్తారు, కారు స్పీడులో రెండు సెకన్లు. ఒడ్డున అయితే అడ్డం ఉండదు, చాలా దూరం నుంచే కనపడతాం, ఆగి మాట్లాడ్డానికి చోటుంటుంది. ఇంకోటి కూడా ఉంది, ఇది మాకు భలే ఇష్టం: కెరటాల హోరు, గాలి. వినపడేవాళ్ళు పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా "ఆఁ? ఏంటీ?" అని చెవి దగ్గరికొచ్చి అరవాల్సిందే, అదే టైంలో సైన్ వచ్చినవాళ్ళు యాభై అడుగుల దూరంలో ఉన్న ఫ్రెండుతో గొంతు నొప్పి లేకుండా పూర్తి సంభాషణ నడిపేస్తుంటారు. ఎవరికి లోటుందో అక్కడ ఉన్నట్టుండి తిరగబడుతుంది. కొత్తగా వచ్చిన వినపడేవాళ్ళు మొదటి రోజు సాయంత్రానికే "నాకూ నేర్పండి" అని రావడానికి సగం కారణం ఆ గాలే.

సముద్రానికీ సైన్‌కీ పాత చుట్టరికం కూడా ఉంది. అమెరికాలో మార్తాస్ వినియార్డ్ అనే దీవిలో 18, 19 శతాబ్దాల్లో వంశపారంపర్యంగా డెఫ్ వాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు, దాంతో వినపడేవాళ్ళు కూడా చిన్నప్పట్నుంచే సైన్ చేసేవాళ్ళు, చేపల పడవల్లో ఒక పడవ నుంచి ఇంకో పడవకి చేతులతోనే కబుర్లు చెప్పుకునేవాళ్ళట. అక్కడ డెఫ్ అవ్వడం పెద్ద విషయంగా ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే ఊరందరికీ భాష వచ్చు.

నాకు ఒక్క సైన్ కూడా రాదు. రావచ్చా?

రండి. కాకపోతే ఒక మాట, మీరు ప్రేక్షకుడిగా వెనకాల నడుస్తానంటే కుదరదు. పొద్దున్నే బయల్దేరే ముందు డెఫ్ టీచర్ నాలుగైదు సైన్లు నేర్పుతారు: ఆగు, నీళ్ళు, నొప్పి, నెమ్మదిగా, వెనకాల బండి. ఆ రోజంతా వాటినే వాడతారు, మర్నాడు ఇంకొన్ని. రానిచోట చూపించండి, నటించండి, ఫోన్‌లో టైప్ చెయ్యండి, తప్పు చేస్తే నవ్వుతారు, మీరూ నవ్వండి. డెఫ్ వాళ్ళు జన్మంతా వినపడేవాళ్ళ భాషలో ఇలాగే నెట్టుకొస్తున్నారు, కొన్ని రోజులు మనం ఇబ్బంది పడితే ఏం పోదు.

పక్కనే ఉన్న ఇంటర్‌ప్రెటర్ (సైన్‌ని మాటల్లోకి, మాటల్ని సైన్‌లోకి మార్చి చెప్పే మనిషి) వైపు తిరిగి "ఆయన్ని అడగండి" అనడం మాత్రం మానుకోండి. మీరు మాట్లాడేది డెఫ్ మనిషితో, ఆయన కళ్ళలోకి చూసి "మీరు" అని అడగండి.

ప్రపంచమంతా సైన్ లాంగ్వేజ్ ఒకటే కదా, ఏది నేర్చుకున్నా పర్లేదా?

ఒకటి కాదు. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మాట్లాడేది ఇంగ్లీషే, కానీ అక్కడి సైన్ లాంగ్వేజ్‌లకి అసలు పోలికే లేదు. అమెరికన్ సైన్ లాంగ్వేజ్‌కి ఫ్రెంచ్ సైన్ లాంగ్వేజ్ దగ్గరి బంధువు, ఎందుకంటే 1817లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో పెట్టిన డెఫ్ పిల్లల స్కూల్‌కి లొరాన్ క్లెర్క్ అనే డెఫ్ టీచర్ ఫ్రాన్స్ నుంచి వచ్చాడు. ఇవి ఎవరో కూర్చుని తయారుచేసినవి కావు. నికరాగ్వాలో 1970ల చివర్లో డెఫ్ పిల్లల్ని మొదటిసారి పెద్ద సంఖ్యలో ఒక స్కూల్లోకి తెస్తే, టీచర్లు పెదాలు చదవడం నేర్పుతుంటే పిల్లలు ఆటల టైంలో తమలో తామే కొత్త భాష పుట్టించేసుకున్నారు. వీటికి సొంత వ్యాకరణం ఉందని విలియం స్టోకీ అనే అమెరికన్ భాషా పండితుడు 1960లో గట్టిగా చూపించాడు. మీరు నడిచే తీరంలో అక్కడి డెఫ్ వాళ్ళు ఏది వాడతారో అదే నేర్చుకోండి, వీడియోల్లో దొరికింది కదా అని వేరే దేశం సైన్లు బట్టీపట్టి రావద్దు.

నడుస్తూ చేతులతో మాట్లాడుకుంటే పడిపోరా?

ఎక్కువమంది అడిగేది ఇదే. చూడాల్సింది పక్కవాళ్ళ చేతుల్ని, మరి దారి ఎవరు చూస్తారు? జవాబు ఏంటంటే, ఒకరి దారి ఇంకొకరు చూస్తారు. సైన్ చేసేవాళ్ళు పక్కపక్కన కొంచెం ఎడంగా, ఒకరివైపు ఒకరు కాస్త తిరిగి నడుస్తారు, మీ ముందు రాయో గుంటో వస్తుంటే మాట ఆపకుండానే అవతలి మనిషి మీ మోచెయ్యి పట్టి పక్కకి లాగేస్తారు. ఇది వాళ్ళకి ఎంత అలవాటంటే లాగినట్టు కూడా గుర్తుండదు. అమెరికాలో డెఫ్ వాళ్ళ కోసం నడిచే గాలాడెట్ యూనివర్సిటీలో డెఫ్‌స్పేస్ అని బిల్డింగ్‌ల డిజైన్ సూత్రాలు తయారుచేశారు, అందులో కారిడార్లు, ఫుట్‌పాత్‌లు వెడల్పుగా ఉండాలనడానికి కారణం ఇదే. కాబట్టి రూట్ ఎంచుకునేటప్పుడు ఇద్దరు ముగ్గురు పక్కపక్కన నడిచే వెడల్పు ఉందా అన్నది కిలోమీటర్ల కన్నా ముందు చూడాలి. కొండ అంచున సన్నటి కాలిబాట ఎంత అందంగా ఉన్నా అక్కడ అందరూ ఒకరి వెనక ఒకరు పోవాలి, అంటే ఆ గంటంతా గుంపు మొత్తం నోరు మూయించినట్టే.

చేతులు ఖాళీగా ఉండాలి. ట్రెకింగ్ కర్రలు రెండూ పట్టుకుంటే మీకు మాట లేదు, ఒకటి చాలు, అవసరం లేనప్పుడు బ్యాగ్‌కి తగిలించండి. వాటర్ బాటిల్ చేతిలో వద్దు, ఫోన్ అసలే వద్దు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటే కళ్ళు, కనుబొమలు కనపడవు, చాలా సైన్ లాంగ్వేజ్‌ల్లో కనుబొమలు ఎత్తారా ముడిచారా అన్నదాన్ని బట్టే అది ఏ రకం ప్రశ్నో తెలుస్తుంది, అందుకని మాట్లాడేటప్పుడు పైకి తోసెయ్యండి. బ్రీఫింగ్ ఇచ్చే మనిషి సముద్రానికి వీపు పెట్టి నిలబడితే వెనకాల నీళ్ళ మెరుపుకి చేతులు నల్లటి నీడల్లా కనపడతాయి, చూసేవాళ్ళకి పది నిమిషాల్లో తలనొప్పి. ఆ మనిషి ముఖం మీద వెలుగు పడాలి, మిగతావాళ్ళు అర్ధచంద్రాకారంలో నిలబడాలి. పువ్వుల చొక్కాలు, గళ్ళ చొక్కాలు టీచర్లకి, ఇంటర్‌ప్రెటర్లకి వద్దు, చర్మం రంగుకి తేడాగా ఉండే ఒకే రంగు బట్టలు మంచివి.

రోజుకి ఎంత దూరం పెట్టుకోవాలి?

మీరు అనుకున్నదాంట్లో సగం. గట్టి నేల మీద గంటకి నాలుగైదు కిలోమీటర్లు నడిచే మనిషి పొడి ఇసుకలో అందులో సగం పోతే గొప్ప, రోడ్డు మీద కన్నా రెట్టింపు పైనే శక్తి ఖర్చవుతుంది. తడి ఇసుక గట్టిగా ఉంటుంది గానీ ఒడ్డు ఒకవైపుకి వాలుగా ఉంటుంది, గంటల తరబడి అలాగే నడిస్తే ఒక మోకాలు, ఒక తుంటి గోల పెడతాయి. దానికి తోడు సైన్ చేస్తూ నడవడం వల్ల, దారిలో జనంతో ఆగడం వల్ల ఇంకా నెమ్మదిస్తుంది. మా లెక్కలో రోజుకి పన్నెండు నుంచి పదిహేను కిలోమీటర్లు చాలు. పాతిక, ముప్పై పెట్టుకున్న గుంపుల్లో మూడో రోజుకి ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు, తలొంచుకుని నడుస్తారు, అలాంటప్పుడు ఇది సైన్ లాంగ్వేజ్ వాక్ ఎందుకవుతుంది.

వేల్స్‌లో అయితే 2012లో దేశం తీరం మొత్తానికి దాదాపు 1,400 కిలోమీటర్ల గుర్తుల దారి తెరిచారు, అలాంటిచోట రూట్ వెతుక్కునే పని లేదు. లేనిచోట ముందుగా ఇద్దరు ముగ్గురు పోయి నడిచి చూసి రావాల్సిందే, మొగలు, పాయలు, పోర్టు గోడలు, ప్రైవేటు స్థలాలు మ్యాప్‌లో ఒకలా ఉంటాయి, అక్కడ ఇంకోలా ఉంటాయి.

ఆటుపోట్లు ఎలా చూసుకోవాలి?

చాలా తీరాల్లో రోజుకి రెండు పోట్లు, ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అంటే ఇవాళ వచ్చిన టైం కన్నా రేపు దాదాపు 50 నిమిషాలు లేటు. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీళ్ళు మామూలు కన్నా ఎక్కువ పైకొస్తాయి, ఎక్కువ వెనక్కీ పోతాయి. అందుకని ప్రతి రోజూ ఒకే టైంకి బయల్దేరదాం అనే ప్లాన్ పనికిరాదు. ఆటుపోట్ల టైం టేబుల్ చూడండి, దానికన్నా ముందు అక్కడి జాలర్లని అడగండి. నీళ్ళు తగ్గేటప్పుడు బయల్దేరితే గట్టి ఇసుకా దొరుకుతుంది, రాళ్ళ కింద ఇరుక్కుపోయే భయమూ తక్కువ.

విజిల్ వేస్తే వినపడదు కదా, గుంపుని ఎలా ఆపుతారు?

చూపుతో. ముందు ఒక జెండా, చివర ఒక జెండా, మధ్యలో అక్కడక్కడ ఒక్కొక్కరు ప్రతి రెండు నిమిషాలకి వెనక్కి తిరిగి చూసే డ్యూటీలో. ముందు జెండా పైకి లేస్తే చూసినవాళ్ళు చెయ్యి ఎత్తుతారు, అది చెయ్యి నుంచి చెయ్యికి వెనకదాకా పాకుతుంది, ఒక రోజు ప్రాక్టీస్ అయితే అరుపుల కన్నా తొందరగానే చేరుతుంది. చెక్క నేల మీదైతే కాలితో తడితే అదురు తెలుస్తుంది, ఇసుకలో ఆ ట్రిక్ పనిచెయ్యదు, భుజం తట్టాలి లేదా ఎదురుగా చెయ్యి ఊపాలి. వెనక నుంచి గబుక్కున పట్టుకోకండి, ఎవరికైనా గుండె గుభేల్ మంటుంది.

రోడ్డు మీదికి ఎక్కాల్సి వచ్చినచోట ఎదురొచ్చే బళ్ళు కనపడే వైపే నడవాలి, ఒకరి వెనక ఒకరు, మాటలు బంద్. ఇందులో బేరాల్లేవు. ఉరుము వినపడదు కాబట్టి మబ్బు పట్టిన రోజు ఆకాశం చూసే డ్యూటీ ఎవరిదో పొద్దున్నే చెప్పేయండి, మెరుపు కనపడగానే ఒడ్డు వదిలి లోపలికి పోవాలి. ఎమర్జెన్సీ నంబర్‌కి మెసేజ్ పంపే సౌకర్యం మీరు నడిచే చోట ఉందో లేదో, ముందే రిజిస్టర్ చేసుకోవాలో ఏమో కనుక్కోండి, చివరి నిమిషంలో ఫోన్ చెయ్యగల మనిషి కోసం వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

హియరింగ్ ఎయిడ్ (చెవి మిషన్), కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి పెట్టే వినికిడి పరికరం) ఉన్నవాళ్ళు ఏం జాగ్రత్త తీసుకోవాలి?

ఉప్పు గాలి, చెమట, సన్నటి ఇసుక, మూడూ శత్రువులే. రాత్రి తీసి సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి, స్పేర్ బ్యాటరీలు గాలి చొరని కవర్లో ఉంచండి. నీళ్ళలోకి దిగేముందు ఇంప్లాంట్‌కి బయట పెట్టుకునే ప్రాసెసర్ తీసి ఎక్కడ పెట్టారో ఇంకొకరికి చెప్పండి, ఇసుకలో పడితే అంతే సంగతులు. గాలికి మైక్‌లో హోరు తప్ప ఇంకేం రాదు గనక చాలామంది ఒడ్డున ఆపేసి సైన్‌కి మారిపోతారు. మిషన్ వాడితే సైన్ వద్దని, సైన్ వస్తే మిషన్ వద్దని మా దగ్గర ఎవరూ అనరు.

చీకటి పడ్డాక?

తలకి కట్టుకునే లైటుతో ఎదుటివాళ్ళని చూస్తే వాళ్ళకి కళ్ళు బైర్లు కమ్మి మీ చేతులు కనపడవు. లైటు కిందికి వంచండి, లేకపోతే మూడో మనిషి చేతుల మీద వెలుగు వెయ్యాలి. మకాం దగ్గర మాటలకి గుండ్రంగా కూర్చుని పైనుంచి వెలుగు పెట్టుకుంటే చాలు. చీకట్లో నడక మాత్రం పెట్టుకోవద్దు.

చూపు కూడా లేనివాళ్ళు రావచ్చా?

తప్పకుండా. డెఫ్‌బ్లైండ్ వాళ్ళు చేతుల మీద చెయ్యి పెట్టి సైన్‌ని తాకి చదువుతారు, అమెరికాలోని సియాటిల్‌లో డెఫ్‌బ్లైండ్ వాళ్ళే మొదలుపెట్టిన ప్రొటాక్టైల్ అనే తాకి మాట్లాడే పద్ధతిలో అయితే ఎదుటివాళ్ళు నవ్వుతున్నారో తలూపుతున్నారో కూడా వీపు మీదో భుజం మీదో ఎప్పటికప్పుడు తెలియజేస్తారు. ఒక్కొక్కరికి కనీసం ఇద్దరు తోడుండాలి, మార్చుకుంటూ. నడుస్తూ వివరంగా చెప్పడం కష్టం, అందుకని తరచుగా ఆగాలి. అంత నెమ్మది మా వల్ల కాదు అనేవాళ్ళకి ముందు గుంపు ఎప్పుడూ ఉంటుంది.

ఇంటర్‌ప్రెటర్లు ఎంతమంది కావాలి?

ఒక్కరు చాలరు. కూర్చుని చేసే మీటింగ్‌లోనే 20, 30 నిమిషాలకోసారి ఇద్దరు మార్చుకుంటారు, ఇక్కడ వాళ్ళు నడుస్తున్నారు కూడా. వెనక్కి నడుస్తూ ఇంటర్‌ప్రెట్ చెయ్యమని అడగొద్దు. నడక మధ్యలో వాళ్ళకి పని పెట్టకుండా, ఆగిన చోట్ల జనంతో మాట్లాడ్డానికి వాడుకోండి. డబ్బులివ్వండి. "మంచి పనే కదా, ఫ్రీగా చెయ్యరా" అని అడిగేవాళ్ళు బస్సు డ్రైవర్‌ని అలా అడగరు.

ముందు ఎవరు నడవాలి? ఊళ్ళో ప్రసంగం ఎవరివ్వాలి?

డెఫ్ వాళ్ళు. ఇక్కడ మాత్రం మేము మొండివాళ్ళం. బ్యానర్ వినపడే పెద్దమనుషుల చేతిలో, మైకు వాళ్ళ చేతిలో, డెఫ్ వాళ్ళు వెనకాల టీషర్టులేసుకుని నడవడం, ఇలాంటివి లోకంలో చాలానే జరుగుతాయి. 1880లో మిలాన్‌లో డెఫ్ చదువుల మీద పెట్టిన మహాసభలో దాదాపు అందరూ వినపడేవాళ్ళే కూర్చుని, స్కూళ్ళలో సైన్ తీసేసి నోటి మాటే నేర్పాలని తీర్మానించారు, దాని దెబ్బకి చాలా దేశాల్లో తరాల పిల్లల చేతులు కట్టేశారు, డెఫ్ టీచర్ల ఉద్యోగాలు పోయాయి. ఆ తీర్మానాల్ని అదే వరస మహాసభ 2010లో వాంకూవర్‌లో కొట్టేసి విచారం తెలిపింది, అంటే 130 ఏళ్ళు పట్టింది. అందుకని ప్రసంగం సైన్‌లో, గొంతు ఇంటర్‌ప్రెటర్‌ది, రూట్ ప్లాన్ కమిటీలో సగానికి పైగా డెఫ్ వాళ్ళు. చప్పట్లు రెండు చేతులూ పైకెత్తి ఆడించడమే, కొత్త ఊరి జనం అది చూసి వాళ్ళంతట వాళ్ళే మొదలుపెడతారు.

ఏ నెలలో పెట్టుకోవాలి?

సెప్టెంబర్ 23 అంతర్జాతీయ సైన్ లాంగ్వేజ్‌ల దినోత్సవం, వరల్డ్ ఫెడరేషన్ 1951లో పుట్టిన రోజు అది, 2018 నుంచి ఐక్యరాజ్య సమితి జరుపుతోంది. ఆ రోజుకి వాక్ ముగిసేలా పెట్టుకుంటే వార్తల్లో చోటు దొరుకుతుంది. కానీ మీ తీరంలో అది తుఫాన్ల కాలమైతే తేదీ కోసం మొండికెయ్యకండి.

దేని కోసం అడుగుతున్నామని జనానికి చెప్పాలి?

ఒక్కటే అడగండి, అది కూడా ఆ చోటికి పనికొచ్చేది. సైన్‌కి చట్టంలో గుర్తింపు లేనిచోట గుర్తింపు అడగొచ్చు: న్యూజిలాండ్ 2006లో ఇచ్చింది, ఐర్లండ్ 2017లో, బ్రిటన్ 2022లో చట్టం చేశాయి, దక్షిణాఫ్రికా 2023లో పన్నెండో అధికార భాషగా చేసింది. గుర్తింపు ఉన్నచోట హాస్పిటల్లో ఇంటర్‌ప్రెటర్, స్కూల్లో సైన్ వచ్చిన టీచర్ అడగండి. "అవగాహన పెంచండి" అని అడిగితే అందరూ సరే అంటారు, ఎవరూ ఏం చెయ్యరు.

చందాలు వసూలు చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు, ఎక్కడికి పోతాయో మొదటి రోజే రాసి పెట్టండి, అయ్యాక లెక్క బయట పెట్టండి. డెఫ్ వాళ్ళే నడిపే సంఘానికి పోవాలన్నది మా అభిప్రాయం. జాలి పుట్టించే పోస్టర్లు వద్దు.

ఫొటోలు, వీడియోలు?

సైన్‌ని ఫొటోలో పట్టలేం, వీడియోనే తియ్యండి. నడుం నుంచి తల పైదాకా, రెండు మోచేతులూ ఫ్రేములో ఉండాలి, ముఖానికి జూమ్ చేసి చేతులు కట్ చేస్తే మనిషి మాట మధ్యలో నొక్కేసినట్టే. ఇద్దరు పక్కకి పోయి సైన్ చేసుకుంటుంటే అది వాళ్ళ సొంత సంభాషణ, దూరం నుంచి తీసి పెట్టినా సైన్ వచ్చినవాళ్ళందరికీ అర్థమైపోతుంది, కాబట్టి అడక్కుండా తియ్యొద్దు. పెట్టే ప్రతి వీడియోకి క్యాప్షన్స్ ఉండాలి.

అంత దూరం నడవలేను, ఒక్క రోజు రావచ్చా?

రావచ్చు, గంట కూడా రావచ్చు. వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్ళ కోసం సిమెంట్ దారి ఉన్న ముక్క ఏ రోజు వస్తుందో ముందే షెడ్యూల్‌లో రాయాలి, నిర్వాహకులు మర్చిపోతే గొడవ పెట్టండి.

కుక్కని తేవచ్చా?

తాడు నడుముకి కట్టుకోగలిగితే తెండి, చేతికి చుట్టుకుంటే మీరు సగం మాటలే మాట్లాడగలరు. పక్షులు, తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరాల్లో చాలాచోట్ల కుక్కల్ని రానివ్వరు, ఆ రోజులు షెడ్యూల్‌లో చూసుకోండి. చేతి సైగలకి కుక్కలు మనకన్నా తొందరగా అలవాటు పడతాయి, కాకపోతే గుంపులో అందరూ "కూర్చో" ప్రాక్టీస్ చేస్తుంటే పాపం అది రోజంతా కూర్చుని లేస్తూనే ఉంటుంది.